హాల్లో కాపురం

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు హాల్లో కూర్చుని, చుట్టూ ఒకసారి చూసి, ఇంత చక్కగా సర్దడం ఎక్కడ నేర్చుకున్నారండీ అని అడుగుతుంటారు. ఒమాన్‌లో అంటాను. అబ్బో, అక్కడి పెద్ద పెద్ద ఫర్నిచర్ షాపులు చూసి నేర్చుకున్నారన్నమాట అంటారు. నేను టీ తేవడానికి లోపలికి వెళ్ళిపోతాను. హాలు సర్దడం నేను నేర్చుకున్నది హాల్లో కాపురం చేసి. అది బిస్కట్లు అందిస్తూ చెప్పుకునే సంగతి కాదు.

తొంభైల మొదట్లో మా ఆయనకి అల్ ఖౌద్‌లో ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. నన్ను తీసుకెళ్ళడానికి వీసా దొరికింది గానీ విడిగా ఫ్లాటు తీసుకునే తాహతు లేదు. అప్పట్లో మనవాళ్ళలో షేరింగు మామూలే. ఒక కుటుంబం ఫ్లాటు తీసుకుని అందులో ఒక గది ఇంకో కుటుంబానికి ఇచ్చేది. మా అదృష్టం కొద్దీ ఆ ఫ్లాటులో పడగ్గది ఒక్కటే. అందులో కడప నుంచి వచ్చిన భార్యాభర్తలు, చాన్నాళ్ళకి పుట్టిన వాళ్ళ చంటిది ఉండేవాళ్ళు. మాకు హాలు ఇచ్చారు. ఆవిడ నాకంటే కొంచెం పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని.

షరతు ఒక్కటే. ఎవరైనా వస్తే ఆ హాల్లో ఇంకో జంట పడుకుంటోందని తెలియకూడదు. అక్క కటువుగా ఏం చెప్పలేదు. "మా ఆయన ఆఫీసోళ్ళు వస్తా ఉంటారు పాపా. హాల్లో పరుపులు కనపడితే బాగుండదు. ఏమనుకోవాకు" అంది. అలాగేనక్కా అన్నాను. లోపల మాత్రం భగ్గున మండింది. కొత్తగా పెళ్ళయి సముద్రం దాటి వచ్చింది పరుపు దాచుకోవడానికా అనిపించింది.

ఆ రోజుల్లో నాకున్న కోరిక ఒకటే. నగలు కాదు, చీరలు కాదు. లోపల నుంచి గడియ పెట్టుకోవడానికి ఒక తలుపు కావాలి. నవ్వినా, పోట్లాడినా, ఏడ్చినా ఎవరూ చూడని చోటు కావాలి. ఊళ్ళో అమ్మకి మాత్రం మాకు వేరే గది ఉందనే చెప్పాను. గాలి బాగా వస్తుందని కూడా చెప్పాను.

వెళ్ళిన కొత్తలో ఆ హాలు చూస్తే దడుపు జ్వరం వచ్చేలా ఉండేది. సగం హాలు మింగేసిన మెరూన్ వెల్వెట్ సోఫా, దానికి బంగారు జరీ అంచు. గాజు బల్ల మీద ప్లాస్టిక్ ద్రాక్షపళ్ళు. షోకేసులో ఎవరూ తాగని కప్పులు. మా పరుపులు రెండూ సోఫా వెనక నిలబెట్టేవాళ్ళం. ఎవరైనా వెనక్కి వాలితే అవి మెల్లిగా ముందుకి ఒరిగేవి. అక్క కంగారుపడి నాకేసి చూసేది, నేను సర్దడానికి లేచేదాన్ని.

మేడ కింద వాటాలో ఇంటి ఓనరు కుటుంబం ఉండేది. ఈద్‌కి అక్కా నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. ఓనరు భార్య మమ్మల్ని ఆడవాళ్ళ మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో, కూర్చోబెట్టి ఖర్జూరాలు, యాలకుల వాసన వచ్చే కహ్వా కాఫీ ఇచ్చింది. అక్క కళ్ళన్నీ ఆవిడ గాజుల మీద ఉన్నాయి. నా కళ్ళు గది మీద. ఒక్క కుర్చీ లేదు. గోడల వెంబడి చుట్టూ పరుపులు, వాటి మీద ఎర్రటి నేత గుడ్డలు, ఆనుకోవడానికి గట్టి దిండ్లు. నడిమి అంతా ఖాళీ, ఒక కార్పెట్టు తప్ప. అంత మంది కూర్చున్నా గది నిండినట్టు లేదు. నాకు మాత్రం ఆ పరుపుల మీద రాత్రి ఇద్దరు హాయిగా పడుకోవచ్చన్నదే కనిపించింది.

అక్కని ఒప్పించడానికి వారం పట్టింది. ఇప్పుడంతా ఇదే ఫ్యాషనక్కా, సోఫాలు పాతబడిపోయాయి అని ఊదరగొట్టాను. చంటిది పాకడానికి చోటు ఉంటుందనేసరికి కరిగింది. సోఫా, దాంతో పాటే ద్రాక్షపళ్ళు వెళ్ళిపోయాయి. మా పరుపులు రెండూ గోడ వెంబడి చేరి మజ్లిస్ అయ్యాయి. దుప్పట్లు దిండుగలేబుల్లో కుక్కితే ఆనుకునే దిండ్లయ్యాయి. సూట్‌కేసులు ఒకదాని మీద ఒకటి పెట్టి పైన అద్దకం గుడ్డ కప్పితే బల్ల అయింది. బట్టలు తగిలించుకోవడానికి ఒక మూల తాడు కట్టి, ముందు పొడుగాటి నూలు కర్టెన్ వేలాడదీశాను. చూసేవాళ్ళకి అక్కడో పెద్ద కిటికీ ఉందనిపించేది. ఒకాయన పాపం ఉక్కగా ఉంది, ఆ కిటికీ తీస్తే గాలొస్తుంది కదా అని లేచాడు కూడా. మా ఆయన అడ్డం పడి ఏసీ పెంచాడు. ఆ తర్వాత కర్టెన్ వెనక నా లంగాలు తలుచుకుని ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. చప్పుడు రాకుండా నవ్వడం అప్పటికే వచ్చేసింది మాకు.

హాలుకి పేరొచ్చింది. సీబ్ నుంచి, రువీ నుంచి వచ్చిన తెలుగువాళ్ళు చూసి, మా ఇంట్లోనూ ఇలా చేసిపెట్టమ్మా అని తీసుకెళ్ళేవాళ్ళు. వెళ్ళి, సామాను సగం బయటపెట్టించి, పెద్ద వస్తువు కిటికీ ఎదురుగా వద్దు, గోడలన్నీ నింపొద్దు, ఒక గోడ ఊరికే వదలండి అని చెప్పి వచ్చేదాన్ని. నాకది గర్వంగానే ఉండేది. కానీ మెచ్చుకున్నవాళ్ళంతా ఆ హాల్లోంచి లేచేవాళ్ళు కారు. వాళ్ళు కూర్చున్నది నేను పడుకునే పక్క మీద. వాళ్ళు లేస్తేగానీ నేను నడుం వాల్చడానికి లేదు. హాలు బాగుండే కొద్దీ జనం ఎక్కువసేపు కూర్చునేవాళ్ళు. నా గొయ్యి నేనే తవ్వుకున్నానని ఆయనతో అనేదాన్ని.

చంటిదాని మొదటి పుట్టినరోజు ఒక గురువారం వచ్చింది. గురువారం ఒంటిపూట డ్యూటీ, శుక్రవారం సెలవు, కాబట్టి అందరూ వస్తారు. అక్క నెల ముందు నుంచీ అదే ధ్యాస. రంగు కాగితాల రిబ్బన్లు, బుడగలు, వెండి రంగు అక్షరాలు కొనుక్కొచ్చింది. నేను ఊరికే వదిలిన గోడ ఉంది కదా, దాని మీదే అన్నీ కట్టాలంది. పొద్దున్నుంచీ ఇద్దరం ఆ పని మీదే ఉన్నాం.

మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "పైన బట్టలు ఆరాయేమో, తెద్దాం రా" అన్నాడు. ఆయన ఎన్నడూ బట్టలు తెచ్చిన మనిషి కాదు. వెనకే మేడ మీదకి వెళ్ళాను. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి, "మీ అన్నయ్య ఆఫీసుకి ఫోన్ చేశాడు" అన్నాడు.

నాన్నకి అప్పటికే ఆయాసం. "నాన్నా?" అన్నాను.

"కాదు. అత్తయ్య."

నిన్న పొద్దున్న వాకిట్లో కళ్ళు తిరిగి పడిపోయిందట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే పోయింది. సాయంత్రానికి దహనం కూడా అయిపోయింది. మా పాస్‌పోర్టులు కంపెనీ ఆఫీసులో ఉన్నాయి, ఆఫీసు మళ్ళీ శనివారం గానీ తెరవరు. వెళ్ళినా అక్కడ ఏముంది అన్నాడు ఆయన, తల దించుకుని. గోడవతల పాకిస్తానీ వాళ్ళ పిల్లలు బంతి ఆడుకుంటున్నారు. వాళ్ళమ్మ బట్టలు ఆరేస్తూ నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. మా అమ్మ చచ్చిపోయిందని తెలిసిన నిమిషంలో నేను చేసిన పని అది.

"అక్కకి చెప్పాలా?" అన్నాను.

ఇద్దరికీ తెలుసు, చెబితే ఏమవుతుందో. పెళ్ళయిన ఆడపిల్లకి మూడు రోజుల మైల. మైల ఉన్న ఇంట్లో చంటిపిల్ల పుట్టినరోజు చెయ్యరు. వచ్చేవాళ్ళు గుమ్మం బయట నుంచే వెళ్ళిపోతారు. అక్క నెల రోజుల సంబరం మట్టిపాలు. ఆ తర్వాత మేం ఆ హాల్లో ఏ మొహం పెట్టుకుని ఉండాలి? పొమ్మంటే ఎక్కడికి పోవాలి? "ఈ ఒక్క సాయంత్రం ఓర్చుకో" అన్నాడు ఆయన. నేను ఏడిస్తే మొహం బూరెలా ఉబ్బుతుంది, దాచడం నా వల్ల కాదు. అందుకని ఏడవలేదు. కిందకి వచ్చి, తలారా స్నానం చేశాను. "పండగ కళ వచ్చేసింది పాపా నీకు" అంది అక్క, నా తడి జుట్టు చూసి.

మిగిలిన రిబ్బన్లు కట్టాను. గులాబీ రంగుది, పక్కన తెల్లది, మళ్ళీ గులాబీది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆ సాయంత్రం హాలు అంతకుముందు ఎప్పుడూ లేనంత బాగుంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

హాలు కిటకిటలాడింది. కేకు కోశాక, చంటిదాన్ని పీట మీద కూర్చోబెట్టి ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే అక్షింతలు వేస్తున్నారు. "ఏం పాపా, రా, నువ్వూ ఎయ్యి" అని కేకేసింది అక్క. మైలలో ఉన్న చేత్తో ఆ పసిదాన్ని ఎలా దీవించను? దానికి జలుబు చేసినా నా వల్లే అనుకుంటాను. చేతులు నూనెగా ఉన్నాయక్కా అని వంటింట్లోకి దూరాను. మళ్ళీ పిలిచింది. బజ్జీలు మాడుతున్నాయన్నాను. హాల్లోంచి ఎవరో ఒకావిడ, "పోనీలేమ్మా, కడుపు పండనివాళ్ళకి ఇలాంటివి చూస్తే కష్టంగా ఉంటుంది" అంది, నాకు వినపడాలనే. అక్క ఇంక పిలవలేదు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు కూడా. అసూయ అనుకుంది. అనుకోనీ అనుకున్నాను.

గోడ మీదవి వారం రోజులు ఉండనీ, రాలేనోళ్ళు వచ్చి చూస్తారు అంది అక్క, మా ఆయనతో. శుక్రవారమంతా వాళ్ళు వస్తూనే ఉన్నారు. మా అమ్మకి నేను పట్టిన మైల ఆ గులాబీ కాగితాల కింద గడిచింది. ఏడుద్దామంటే స్నానాలగది ఒక్కటే ఉంది. వెళ్ళి కొళాయి తిప్పగానే ఎవరో ఒకరు తలుపు కొట్టేవాళ్ళు. పొంగిన పాల మీద నీళ్ళు చల్లినట్టు ఏడుపుని అణుచుకుంటూ వచ్చాను.

శనివారం పొద్దున్న మగవాళ్ళు డ్యూటీలకి వెళ్ళాక, తలస్నానం చేసి జుట్టు తుడుచుకుంటూ బయటికి వచ్చాను. అక్క చంటిదాన్ని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. రెండు రోజుల తర్వాత అప్పుడే నాతో మాట్లాడటం.

"మళ్ళా తలకు పోసుకున్యావు" అంది. "మూడు దినాల నుంచి దేవుని పటాల తట్టు పోలేదు నువ్వు. దీపం పెట్టలేదు. నెలసరేమో అనుకుంటి. అట్లయితే ముందే చెప్తావు గదా. పాపకు అక్షింతలు ఎయ్యకపోతివి." గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. ఎవరు పోయినారు?"

"అమ్మ" అన్నాను.

అక్క అక్కడే పరుపు మీద కూలబడింది. గోడకేసి చూసింది, నాకేసి చూసింది. "గురువారం తెలిసిందా?" అంది. తలూపాను. "తెలిసే కట్టినావా ఇవన్నీ?"

"చెబితే ఏం చేసేదానివక్కా?" అన్నాను. నిష్ఠూరంగా అందామనుకోలేదు. అలాగే వచ్చింది.

అక్క ఏదో ఒక మంచి మాట అనేసి ఊరుకోవచ్చు, అనలేదు. అందుకు ఆవిడంటే నాకు ఇప్పటికీ గౌరవం. కళ్ళు తుడుచుకుని లేచి, పడగ్గది తలుపు తీసింది. "పో. లోపలికి పోయి గడియ పెట్టుకో. ఎంతసేపైనా ఉండు. ఎవరొచ్చినా నేను చెప్తా."

వెళ్ళాను. గడియ పెట్టుకున్నాను. మంచం అంచు మీద కూర్చున్నాను. ఇప్పుడు ఏడవొచ్చు అనుకున్నాను. రాలేదు. అమ్మ మొహం గుర్తు తెచ్చుకున్నాను, గొంతు గుర్తు తెచ్చుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకుని "అమ్మా" అని పైకే అన్నాను. ఎవరినో పిలిచినట్టు ఉంది. అంతే.

బయట అక్క స్టూలు లాగిన చప్పుడు. రిబ్బన్లు పీకుతోంది. చర్రుమని ఒకటి చిరిగింది, తర్వాత ఇంకోటి. అవన్నీ పోతే ఆ గోడ మరీ బోసిగా ఉంటుంది. అమ్మ కోసం ఏడవమని తలుపు తీసి ఇచ్చిన గదిలో కూర్చుని, ఆ గోడకి ఏం పెడితే బాగుంటుందా అని ఆలోచించాను.