ఎదురుగా ఆయన కూర్చున్నట్టు

ఆస్పత్రి లాండ్రీలో అందరూ ఆమెను పెద్దక్క అంటారు. వార్డుల నుంచి వచ్చిన దుప్పట్లను మరకలను బట్టి విడదీసి నానబెట్టడం, ఉతికి ఆరినవాటిని మడతపెట్టి పైకి పంపడం ఆమె పని. చేరినప్పటి నుంచీ అదే పని. అక్కడ ఆమె పెట్టిన చట్టం ఒకటుంది: ఉతికిన బట్టల గుట్ట మీద ఎవరూ కూర్చోకూడదు. ఒకసారి అలసిపోయిన కుర్ర డాక్టరొకాయన దాని మీద వాలబోతే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి స్టూలు మీద కూర్చోబెట్టింది.

అలాంటి మనిషిని యాజమాన్యం ఒకరోజు నీ చదువేమిటని అడిగింది. హైస్కూలు చదువుకు సమానమైన సర్టిఫికెట్ లేనివాళ్లను ఏడాది చివరికల్లా పర్మినెంటు నుంచి కాంట్రాక్టుకు మారుస్తామని గోడకు నోటీసు అంటించారు. ఉతకడం రానివాళ్లను తీసేస్తామంటే అర్థముంది. ఇన్నేళ్లూ దుప్పటి శుభ్రంగా ఉందా లేదా అనే చూసినవాళ్లు, ఉతికిన చెయ్యి ఎంతవరకు చదివిందని ఇప్పుడడగడం జీతాలు కొయ్యడానికి దొరికిన సాకు, అంతే. ఆ సంగతి పెద్దక్కకూ తెలుసు. తెలిసినంత మాత్రాన నోటీసు ఊడి కింద పడదు కదా. పెన్షనూ, జబ్బు చేస్తే సెలవూ ఆ పర్మినెంటు అనే ఒక్క మాటను పట్టుకునే ఉన్నాయి. భర్తది సైకిళ్ల రిపేరు. రెండు రోజులు వాన పడితే ఆయన సంపాదన ఆగిపోతుంది.

ఆ సర్టిఫికెట్ కోసం పెద్దక్క పరీక్షలకు కట్టింది. లెక్కలూ సైన్సూ ఎలాగో గట్టెక్కాయి. చదవడం, రాయడం అనే రెండు పరీక్షలు మాత్రం మొదటిసారి పోయాయి. గడువులోపల మిగిలింది ఇంకొక్క అవకాశం.

ఆ పరీక్షలకు తయారుచేసే సాయంత్రం క్లాసు ఒక చిన్నపిల్లల బడిలో జరిగేది. మోకాళ్లు బల్లల కింద పట్టక అందరూ పక్కకు తిరిగి కూర్చునేవాళ్లు. పగలంతా పిల్లలకు చెప్పి, సాయంత్రం వీళ్లకు చెప్పే టీచరమ్మది పెద్దక్క కూతురి వయసు. లాండ్రీలో ఇస్త్రీ చేసే అతనూ ఆ క్లాసుకే వచ్చేవాడు. నోటికి విశ్రాంతి ఇవ్వడు కాబట్టి అందరికీ అతను రేడియో.

చదివే పరీక్షలో పెద్దక్క ఎక్కడ పోగొట్టుకుంటోందో మొదటి వారంలోనే బయటపడింది. పాఠంలో ఒక మిల్లు యజమాని, పనివాళ్ల ఆరోగ్యం గురించి ఆలోచించి, ఎండాకాలం మధ్యాహ్నాలు వాళ్లకు విశ్రాంతి ఇస్తాడు. విశ్రాంతి ఎందుకిచ్చాడన్నది ప్రశ్న. తనిఖీకి ఎవరో వస్తున్నారని ముందే తెలిసి ఉంటుందని పెద్దక్క జవాబు రాసింది. క్లాసంతా నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వి, సున్నా వేసింది.

"మీరెప్పుడన్నా మిల్లులో పనిచేశారా టీచరమ్మా?" అనడిగింది పెద్దక్క.

"లేదు. మీరు రాసిందే నిజం కావచ్చు పెద్దక్కా. కానీ వాళ్లడిగింది పాఠంలో ఏముందని. మీ అత్తగారు ఏమన్నారని మీ ఆడపడుచు అడిగిందనుకోండి, ఏం చెబుతారు?"

"ఆవిడన్నదే చెబుతాను. నా మాట కలిపితే కొంపలంటుకోవూ?"

"ఇదీ అంతే. పాఠం రాసినాయన మీ అత్తగారనుకోండి."

దాంతో చదవడం దారికొచ్చింది. రాయడం దగ్గర గొడవ వేరు. ఏదో ఒక విషయమిచ్చి, మీ అభిప్రాయం రాయండంటారు. పెద్దక్క అటువైపు మాట రాసేది, ఇటువైపు మాట రాసేది, రెండూ చక్కగానే రాసేది. చివరికొచ్చేసరికి ‘పెద్దలు ఎలా నిర్ణయిస్తే అలా చేయడం మంచిది’ అని ముగించేది. సెల్‌ఫోన్ల గురించైనా అదే, సిటీబస్సుల గురించైనా అదే. ‘మీరేమంటారు?’ అని టీచరమ్మ ప్రతిసారీ ఎర్రసిరాతో రాసేది.

"అడగని చోట ఆగవు, అడిగిన చోట నోరు పెగలదు. నీతో కష్టమే అక్కా," అన్నాడు రేడియో.

అది తెలివితక్కువతనం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో డ్యూటీల గురించి నోరు తెరిచినందుకు ఏడాదిపాటు ఆమెకు రాత్రి డ్యూటీలే వేశారు. అప్పటి నుంచీ పైవాళ్లు ఏమన్నా తలూపడం నేర్చుకుంది. బతుకుతెరువు కోసం నేర్చుకున్న పాఠం పరీక్ష ఉంది కదా అని ఒక్కసారిగా మరుపు రాదు.

ఆ రోజుల్లోనే లాండ్రీకున్న రెండు గుమ్మాల్లో ఒకదానికి అడ్డంగా సూపర్‌వైజరు పాత మంచాలు పేర్పించాడు. ఇకనుంచి మురికివీ ఉతికినవీ ఒకే దారిన వెళ్లాలన్నాడు. అలాగే సార్ అంది పెద్దక్క. ఇంటికొచ్చి మాత్రం భర్త ముందు విరుచుకుపడింది. ఒకే దారిన పోయేటట్టయితే ఉతకడం ఎందుకంది. ఆపరేషన్ అయినవాళ్ల మీద కప్పే దుప్పట్లకు ఏం అంటుకుంటుందో ఎవరు చూడొచ్చారంది. మంచాలకు చోటు లేదంటున్నాడు, మెట్లకింద ఖాళీ ఆయన కళ్లకు కనబడదా అంది. భర్త సైకిల్ ట్యూబును నీళ్లలో ముంచి, బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తూ అంతా విన్నాడు.

"ఏమే, నా మీద ఇంత చక్కగా అరుస్తావు. ఆ పరీక్ష కాగితం నీకేం అన్యాయం చేసింది?" అన్నాడు.

మర్నాడు క్లాసులో ఆమె రాసిన కాగితం మీద ఎర్రసిరా పడలేదు. ఎలా రాశారని టీచరమ్మ అడిగింది.

"ఎదురుగా మా ఆయన కూర్చున్నాడనుకున్నాను. ఆయన దగ్గర నాకు భయమేముంది?"

"మీ ఆయన్ని నాకూ కొంచెం అరువివ్వక్కా," అన్నాడు రేడియో. "మా ఆవిడ కూర్చుందనుకుంటే నాకు ఒక్క ముక్క రాదు."

అసలు పరీక్షలో, పార్కుల్లోకి వెళ్లడానికి టికెట్టు పెట్టాలా వద్దా అని అడిగారు. ఆమె భర్తను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఒక్క గదిలో కాపురముండేవాళ్లు సాయంత్రం పూట గాలి పీల్చుకునే చోటు అదొక్కటే, దానికీ వెల కడితే వాళ్లెక్కడికి పోవాలని రాసింది. చివరికొచ్చేసరికి చెయ్యి అలవాటుగా ‘పెద్దలు ఎలా’ అని రాసేసింది. ఆ రెండు మాటలూ కొట్టేసి, అందుకే టికెట్టు పెట్టకూడదని రాసి లేచింది.

బయటికి రాగానే గుబులు మొదలైంది. దిద్దేవాళ్లు ఆఫీసుల్లో పెద్దపెద్ద కుర్చీల్లో ఉండేవాళ్లు కదా. వాళ్లకు కోపమొస్తే? ఫలితాలొచ్చేదాకా ఇంట్లో అదే గొడవ.

"అంత మాట అనకుండా ఉండాల్సింది," అనేది.

"నన్ను రోజూ అంటున్నావు. నేనెప్పుడన్నా ఫెయిల్ చేశానా?" అనేవాడాయన.

టీచరమ్మ ఫోను ఒక మధ్యాహ్నం, దుప్పట్లు మడతపెడుతుండగా వచ్చింది. రెండూ పాసయ్యారు పెద్దక్కా, రేడియో అన్న కూడా, అని చెప్పింది. పెద్దక్క సరే తల్లీ అని ఫోను పెట్టేసింది. నెలల తరబడి గుండెల మీదున్న బరువు ఒక్కసారి దిగేసరికి దగ్గరున్నదాని మీద కూలబడింది. అది ఉతికిన బట్టల గుట్ట.

రేడియో ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని, నోట మాట లేకుండా నిలబడిపోయాడు. అప్పుడే అటుగా వచ్చిన సూపర్‌వైజరు ఏమైందమ్మా అన్నాడు.

"పాసయ్యాను సార్," అంది ఆమె, లేవకుండానే. "ఆ మంచాలు మెట్లకిందికి మార్పించండి. గుమ్మం తెరవాలి."

ఆయన గుమ్మం వంక చూశాడు, ఆమె వంక చూశాడు. సరే, రేపు మనుషుల్ని పంపిస్తానన్నాడు.

ఆయన వెళ్లాక పెద్దక్క ఇంకాసేపు అలాగే కూర్చుంది. తర్వాత లేచి, తను కూర్చున్న దుప్పట్లన్నీ తీసి మళ్లీ ఉతకడానికి వేసింది.