పెద్దోడు తిరిగితే

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో చిత్తూరు కాలేజీ లెక్చరర్లం నలుగురం హిమాలయాల్లో ఒక శిఖరం ఎక్కడానికి బయల్దేరి, రేణిగుంట స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాం. పక్క బెంచీ మీది పెద్దమనిషి మా తాళ్లనూ మేకుల బూట్లనూ చాలాసేపు చూసినాడు.

"యాడికప్పా?"

"హిమాలయాలకు. ఎక్కేదానికి ఆరు రోజులు. గైడు కూడా ఉండాడు," అన్నాను గర్వంగా.

"మీలో పెద్దోడెవరు?"

"నేనే."

ఆయన ఒడిలోని తుండు కింద నుంచి కుడిచెయ్యి తీసి నా భుజం మీద పెట్టినాడు. దానికి బొటనవేలు ఒక్కటే మిగిలుంది.

"గైడు యెనక్కి తిరగమంటే ముందు నువ్వు తిరుగు. పెద్దోడు తిరిగితే చిన్నోళ్లూ తిరుగుతారు. మేం మంచుకొండ ఎక్కిన పొద్దు కొన కండ్లకు కనిపిస్తా ఉన్నింది, నేను తిరగలే. మా తమ్ముడు నా యెనకే వచ్చినాడు."

"ఇప్పుడాయన యాడుండాడు?" అన్నాడు మాలో చిన్నవాడు.

"ఆడే."

ఎక్కడం మొదలుపెట్టిన ఆరోనాడు పొద్దున, ఎండ కాస్తుండగానే, మా గైడు పడమటి మబ్బును చూసి దిగుదామన్నాడు. శిఖరం ఇంకో రెండు గంటల దారి. ముగ్గురూ నా ముఖం చూసినారు. నేనే ముందు కిందికి నడిచినాను. తిట్టుకుంటూనే వెంట వచ్చినారు. ఎదురొచ్చిన ఇంకో ఐదుగురి జట్టు మమ్మల్ని చూసి నవ్వి పైకి పోయింది.

మధ్యాహ్నానికి మంచు తుఫాను విరుచుకుపడింది. ఆ జట్టు దిగొస్తే టీ ఇవ్వాలని మా గైడు కింది గుడారంలో ఐదు గ్లాసులు వరసగా పెట్టినాడు. తుఫాను వచ్చిన మూడోనాడు వాటిని ఒక్కొక్కటే తుడిచి సంచిలో పెట్టేసినాడు.