నిచ్చెన ఎక్కిన రాజు

నలభై తొమ్మిదేళ్ళ వయసులో నేనొక లోకాన్ని సృష్టించాను. నరసరావుపేటలో, నా జిరాక్స్ కొట్లో, పాడైపోయిన కాగితాల వెనక వైపున. ఇదే పని చేసిన బ్రహ్మగారికి మధ్యలో వచ్చి ఆధార్ కార్డు రెండు వైపులా తీసివ్వమనేవాళ్ళు లేరు. నాకు ప్రళయం వర్ణిస్తున్నప్పుడు కూడా ఉన్నారు.

లోకమంటే కొత్త సరుకేమీ కాదు, అందరికీ తెలిసిన జాతులే. పొడుగ్గా, నాజూగ్గా, ముసలితనం లేకుండా వీణలు మీటుకునే గంధర్వులు. వాళ్ళ కాపురానికి ఎత్తిపోతల జలపాతాన్ని పదిరెట్లు సాగదీసి ఇచ్చాను. తర్వాత రాక్షసులు. వాళ్ళ ఒక్క పూట పచ్చడికి బెల్లంకొండ మండలం మిరపకాయలన్నీ కలిపినా రోటి అడుగు కూడా కప్పవు. ఇక భూమి కింద సొరంగాల్లో ఇనుము కొట్టే మరుగుజ్జులు. వాళ్ళకు గడ్డం ఉంటుంది, చేతిలో సుత్తి, ముక్కు మీద కోపం ఉంటాయి. అది కథల్లో ఎప్పటినుంచో ఉన్న ఆచారమే, నేను కనిపెట్టింది కాదు.

నేను కనిపెట్టిందల్లా వాళ్ళ రాజును. కొండకు ఇనప కడ్డీ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, లోపల నీళ్ళున్నాయో రాయుందో చెప్పేస్తాడు. బిగుసుకుపోయిన మేకును ముందు తిట్టి తర్వాత పీకుతాడు. సింహాసనం ఎక్కడానికి మాత్రం నిచ్చెన వేయించుకుంటాడు. అది చూసి గంధర్వుల రాయబారి పగలబడి నవ్వుతాడు. రాసేటప్పుడు నేనూ నవ్వాను, మిషను మీదున్న గాజు పలక అదిరేలా.

మా పక్క షెడ్డు లారీ మెకానిక్ భాయ్‌ది. ఇరవై ఏళ్ళుగా రోజుకు మూడు టీలు కలిసే తాగుతాం. ఆయన భార్యను నేను అక్కా అంటాను కాబట్టి ఆయన నన్ను బావా అంటాడు. వారపత్రికల్లో సీరియళ్ళన్నీ చదివే అక్క, భాయ్‌కి మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడు "తమ్ముడూ, ఏందో రాస్తన్నావంటగా, ఇయ్యి, మీ భాయ్‌కి కూడా చదివి ఇనిపిస్తా" అంది. పొంగిపోయి ఒక కాపీ తీసిచ్చాను.

ఆమె షెడ్డులోకి వెళ్ళాక పక్కకు చూశాను. భాయ్ ఇంజనుకు స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటున్నాడు. "నీ తస్సాదియ్యా, ఊడతావా లేదా" అని ఒక బోల్టును తిట్టాడు. గడ్డం ఉంది. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు.

నా గుండె మిషనులో ఇరుక్కున్న కాగితంలా నలిగింది.

భాయ్ దేనికైనా ఓర్చుకుంటాడు, ఎత్తు మాట ఎత్తితే తప్ప. ఒకసారి ఒక డ్రైవరు "ఏం పొట్టోడా" అన్నందుకు, విప్పిన ఇంజను విప్పినట్టే వదిలి ఇంటికెళ్ళిపోయాడు. నాలుగు రోజులు ఆ లారీలో టమాటాలు కుళ్ళి, సత్తెనపల్లి దాకా ఈగలు బారులు తీరాయి. పొట్టోడు అంటేనే అంత జరిగింది. నేను మరుగుజ్జు అన్నాను, పైగా నిచ్చెన వేశాను.

మర్నాడు భాయ్ టీకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. షెడ్డులో సుత్తి మోగినప్పుడల్లా నా నెత్తిమీదే పడుతున్నట్టుంది. మూడో రోజు గాభరాపడి ఆ జాతి మొత్తాన్ని ఆరడుగులకు పెంచేశాను. పెంచగానే ఎవరూ సొరంగాల్లో పట్టలేదు. సొరంగాలు పెంచితే పైనున్న కొండ కూలింది. కొండ కూలితే జలపాతానికి ఆధారం లేదు. ఒక్క స్నేహం కోసం ఒక లోకమంతా కూలిపోతుంటే, ఎవరిదో పదో తరగతి మార్కుల జాబితా బదులు గాజు పలక మీదున్న నా చేతికే నలభై కాపీలు తీసిపెట్టాను.

ఆ సాయంత్రం భాయ్ వచ్చాడు. కూర్చోలేదు.

"ఆ రాజు నేనేగా?"

"కాదు భాయ్, అది కథ..."

"ఆ కడ్డీ నాది, తిట్టు నాది. నిచ్చెన ఎవుడిది బావా?"

"నవ్విద్దామని..." అన్నాను.

"నవ్వించు. కాదన్నానా? పని తెలిసినోడన్నావు గదా వాణ్ణి. ఇనుమంతా వాడి చేతిలోనే ఉండె. మరి వాడి ఇంట్లో వాడి కుర్చీ వాడికందకుండా ఎట్టా చేసుకుంటాడు? నా షెడ్డులో బల్ల నా నడుముకే ఉంటది. పొడుగోడొస్తే వాడే వంగుతాడు."

అంత రాసిన నాకు ఆ సంగతి తోచలేదు. వాళ్ళ లోకాన్ని గంధర్వుల టేపుతో కొలిచాను.

"మరి వాళ్ళని ఏమని పిలవమంటావు?" అని భయంభయంగా అడిగాను.

"వాళ్ళ మట్టుకు వాళ్ళు మనుషులే. మరుగుజ్జనే మాట పొడుగోళ్ళు పెట్టింది." అని వెళ్ళిపోయాడు. టీ తాగలేదు.

రాత్రికి రాత్రే కొండను నిలబెట్టి, వాళ్ళ ఎత్తు వాళ్ళకిచ్చేశాను. నిచ్చెన పీకేశాను. మరుగుజ్జు అనే మాట రాయబారి నోట్లో తప్ప ఎక్కడా ఉంచలేదు. ఆ రాయబారి సభలోకి ఠీవిగా నడిచొస్తూ గుమ్మానికి తల కొట్టుకున్నట్టు రాశాను. మర్నాడు అక్క క్యారేజీ తెచ్చే వేళకు ఆ కాగితాలు ఆమె చేతికిచ్చి, కొట్లోకొచ్చి గోడకు చెవి ఆనించాను. ఆవిడ చదువుతోంది. భాయ్ లారీ కింద ఉన్నాడు. కథలో రాయబారి గుమ్మం దగ్గరికి రాగానే సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"గట్టిగా తగిలిందంటనా వాడికి?" లారీ కింద నుంచి భాయ్ గొంతు.

"బొప్పి కట్టిందంట. కోడిగుడ్డంత."

సుత్తి కింద పెట్టిన చప్పుడైంది.

"ఏమే, ఆ ముక్క ఇంకోసారి చదువు."