చిన్నమ్మ వంత పాడని మాట

మంగళవారం పొద్దున మా రికార్డింగ్ సార్ ఫోన్ చేశాడు. ఆయన పది దాటితే గానీ నిద్ర లేచే మనిషి కాదు, అందుకే ఫోన్ ఎత్తేముందే భయం వేసింది. "చిన్నమ్మ పోయిందంటనే" అన్నాడు. ఎవరి చిన్నమ్మ అని నేను అడగలేదు. హనుమకొండలో మా స్టూడియోకు వచ్చిపోయే వాళ్ళందరికీ ఒక్కతే చిన్నమ్మ. చాయ్ తాగి, మిరపకాయలు ఏరడానికి పోదామని సద్ది కట్టుకుని లేచిందట. గడప దాటలేదు. గుండె ఆగిందన్నారు. అరవై ఏళ్ళు ఉంటాయేమో, ఆ లెక్క ఆమెకే సరిగ్గా తెలియదు.

మీరు ఆమెను చూసి ఉండరు గానీ, విని ఉంటారు. మా వైపు జానపద పాటల్లో ముందు ఒకరు పాడితే వెనక ఆడవాళ్ళు అందుకుంటారు కదా, ఆ గొంతుల్లో కాస్త బొంగురుగా, మిగతావాళ్ళ కంటే ఒక్క క్షణం ఎక్కువ నిలబడే గొంతు ఆమెది. వీడియో కింద రాసినవాడి పేరుంటుంది, పాడినవాడి పేరుంటుంది, చివరికి డ్రోన్ ఎగరేసినవాడి పేరు కూడా ఉంటుంది. కోరస్ అని ఉన్నచోట మాత్రం ఎవరి పేరూ ఉండదు. నేనూ ఆమె పేరు రాయడం లేదు. మేమెవరం ఆమెను పేరుతో పిలవలేదు, ఇప్పుడు రాస్తే వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు ఉంటుంది.

వర్ధన్నపేట పక్క పల్లె నుంచి బస్సులో వచ్చేది. చేతిసంచిలో ఉడకబెట్టిన పల్లికాయలో, మక్కగారెలో ఉండేవి. ఫ్లెక్సీలు కొట్టే షాపు మీద అంతస్తులో ఉండే ఆ చిన్న గదిలో, ఏసీ చప్పుడు వస్తుందని దాన్ని ఆపి మరీ రికార్డు చేస్తాం. అలాంటిచోట గాజుల గలగల వినపడకుండా ఉంటుందా? మొదటిసారి వచ్చినప్పుడు సార్ గాజులు తీసేయమన్నాడట. "మొగడు బతికున్నడు సార్, తియ్య. ఉన్నా లేనట్టే గానీ, గాజులైతే తియ్య" అని, మోచేతి దాకా చెరగు చుట్టుకుని మైకు ముందు నిలబడింది. ఆ తర్వాత వచ్చిన ఆడవాళ్ళందరూ అదే నేర్చుకున్నారు. ఇప్పటికీ మా దగ్గర కోరస్ పాడేవాళ్ళు చేతికి గుడ్డ చుట్టుకునే పాడతారు.

ఆమెకు చదువు రాదు. మనం లైను ఒక్కసారి పాడి వినిపిస్తే చాలు, రెండోసారి మనకంటే బాగా పాడేది. కాని ఒక పట్టు ఉండేది. బాణీ నోటికి వచ్చాక, అసలు టేకుకు ముందు, తప్పకుండా అడిగేది.

"పాట ఎవల మీద కొడుకా?"

ఏదో ఊరికే రాశామంటే ఒప్పుకునేది కాదు. "ఎవల మీద పాడుతాన్నమో ఎరుక లేకుంట నోరెట్ల తెరుస్తరు?" అనేది. దేవుడి మీదైతే ఏ దేవుడు, బావ మీదైతే ఎవరి బావ, అన్నీ చెప్పాలి. సార్ విసుక్కునేవాడు. నేను నవ్వుకునేవాణ్ణి. నాకు అప్పుడు నవ్వు ఎక్కువ, బుద్ధి తక్కువ.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను రాస్తాను, బాణీ కడతాను, నేనే పాడతాను. డిగ్రీ నుంచి ఏడేళ్ళు ఒకమ్మాయితో కలిసి తిరిగాను. ఎవరూ అడ్డం రాలేదు, కులం గొడవ లేదు, ఇంట్లో గొడవ లేదు. ఒకరోజు ఆమే చెప్పింది, "నీతోని బతుకుడు నాతోని కాదు" అని. ఏడాదిలో నెక్కొండ సంబంధం చేసుకుంది. ఎందుకు కాదందో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ప్రయత్నమూ చేయలేదు. మోసం చేసిందని తీర్మానం చేసుకుని, ఆరు పాటల ఆల్బమ్ మొదలుపెట్టాను. మా ఓరుగల్లులో మనసు విరిగిన మగాడు ముందు గడ్డం పెంచుతాడు, తర్వాత స్టూడియో వెతుకుతాడు. నేను రెండూ చేశాను.

మొదటి పాటలో ఒక లైను ఉంది. దాన్ని ఇక్కడ రాయను. "నీ ఒడి నిండకుండా పోవాలి" అనే అర్థం వచ్చే తిట్టు అది. ఆమె పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు. పిల్లలు లేరనీ, దవాఖానల చుట్టూ తిరుగుతున్నారనీ తెలిసినవాళ్ళ ద్వారా విన్నాను. తెలిసే రాశాను. నొప్పి తగిలేచోటే కొట్టాలని రాశాను.

చిన్నమ్మ ట్రయల్‌లో ఆ లైను అందుకుంది. బాణీ పట్టుకోవడం మీదే ఉంది ఆమె ధ్యాస. ఆ తర్వాత మామూలుగా అడిగింది, పాట ఎవల మీద అని. నేను గొప్పగా మొత్తం కథ చెప్పాను. ఆమె హెడ్‌ఫోన్ తీసి స్టాండుకు తగిలించింది.

"ఈ మాట నేను అందుకోను."

"పాటనే గద చిన్నమ్మా!"

"తిట్టు ఒక్కని నోట్ల ఉంటే కోపం కొడుకా. నలుగురు అందుకున్నరంటే శాపమే. నీకు కోపమొచ్చింది, తిట్టుకో. నన్ను ఎందుకు కలుపుతానవ్?"

మిగతా లైన్లన్నీ పాడింది. ఆ ఒక్కటి వచ్చేసరికి పెదవులు బిగించి గోడ వైపు చూసేది. ఆమె నోరు మూసుకుంటే కోరస్‌లో మిగతా ఇద్దరూ మూసుకున్నారు. సాయంత్రం బస్సు వేళయింది, వెళ్ళిపోయింది.

అప్పుడు మేం చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మా సార్‌కు ఒక అలవాటు, ట్రయల్ నడుస్తున్నప్పుడు కూడా రికార్డింగ్ ఆపడు. "ట్రయల్‌ల పాడింది ఉన్నది గదనే" అన్నాడు. వద్దనాల్సినవాణ్ణి నేను. అతికించమన్నాను. అతుకు కూడా తెలియలేదు, అంత బాగా కుదిరింది. పాట బయటికి వచ్చింది, బాగా పోయింది. కింద కామెంట్లలో నాలాంటి గడ్డాలన్నీ కన్నీళ్ళు పెట్టుకున్నాయి.

మిరప చేనుకు కూలీలను తీసుకుపోయే ట్రాక్టర్‌లో డ్రైవర్ ఆ పాట పెట్టాడట. పక్కన కూచున్న ఆడవాళ్ళు "నీ గొంతే గదనే" అని మురిసిపోతుంటే, చిన్నమ్మ తన నోటి నుంచి ఆ మాట విన్నది. మరునాడు కూలి మానుకుని స్టూడియోకు వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"నా నోరు నన్ను అడగకుంట వాడుకున్నరు" అంది. "నేను ఇయ్యని మాట నాతోని ఇప్పిచ్చిండ్రు."

పాట చాలామందికి చేరిపోయిందనీ, ఇక తీయడం కుదరదనీ చెప్పాను. అది అబద్ధం. ఫోన్‌లో ఒక్క నిమిషం పని అది. ఆమెకు ఫోన్ సంగతి తెలియదు కనుక చెప్పాను. ఆమె "ఆ పిల్ల పేరు చెప్పు" అంది.

"ఎందుకు చిన్నమ్మా?"

"మేడారం పోతాన. తల్లుల కాడ మొక్కి ఎనుకకు తీసుకోవాలె గద ఆ మాట. ఎవల కోసమో చెప్పకుంట ఎట్ల మొక్కుత? పేరు చెప్పు, ఏ ఊరికిచ్చిండ్రో చెప్పు."

మూడేళ్ళుగా నేను ఆ పేరు పలకలేదు. పాటల్లో ఆమెను పిల్ల అన్నాను, పాపిష్టిది అన్నాను, నాగుపాము అన్నాను. పేరు మాత్రం నోటికి రానివ్వలేదు. చెప్పాను. ఊరు నెక్కొండ అని కూడా చెప్పాను. చెప్పిన తర్వాత ఏడ్చాను, సార్ ముందే. చిన్నమ్మ ఓదార్చలేదు. ఆ పేరును రెండుసార్లు తనలో తాను అనుకుని, మర్చిపోకుండా చూసుకుని, లేచి వెళ్ళింది.

రెండేళ్ళకోసారి వచ్చే జాతర ఏడాది కాదది. అడవిలో జనం లేని అమ్మవార్ల గద్దెల దగ్గరికి ఒక్కతే పోయి, బంగారం అని మేం పిలుచుకునే బెల్లం పెట్టి వచ్చింది. వారం తర్వాత వచ్చి ఒక బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. "తిను. నీ కోసం గూడ అడిగిన" అంది. ఏమడిగావని నేను అడగలేదు. ఆ రోజే పాట తీసేశాను. సార్ నాతో నెల రోజులు మాట్లాడలేదు.

ఆల్బమ్ మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. ఏడాది పట్టింది. నా పాటలు ఆమెకు నచ్చేవి కావు, ఆ మాట మొహం మీదే చెప్పేది. "అన్నీ నువ్వే అంటానవ్. మేమెప్పుడు అందుకోవాలె? జర సందు ఇయ్యి" అనేది. నిజమే, నా లైన్లు ఊపిరి తీసుకునే చోటు లేకుండా ఉండేవి. పాటలో సందులు వెతుకుతూ పోతే మెల్లగా ఇంకోటి కూడా తెలిసొచ్చింది. ఏడేళ్ళలో ఆ అమ్మాయి ఏదైనా చెప్పడం మొదలుపెడితే, సగంలోనే నేను కొత్త బాణీ వినిపించేవాణ్ణి. ఆమె వినేది. నేను ఆమెను ఎప్పుడు విన్నానో గుర్తు చేసుకోబోతే ఒక్కటీ దొరకలేదు. ఆరో పాట అదే. అందులో తిట్టు లేదు, నా తప్పు ఉంది. పాత పాట విన్నవాళ్ళలో సగం మంది కూడా దాన్ని వినలేదు. చిన్నమ్మ మాత్రం "ఇది ఎవల మీద?" అని అడిగి, "నా మీదనే" అంటే, చెరగు చేతికి చుట్టుకుని నిండుగా అందుకుంది.

ఒకసారి చాయ్ తాగుతూ అడిగాను, ఆమె ఎప్పుడూ ఎవరినీ తిట్టలేదా అని. ఆమె భర్త పెళ్ళైన పదేళ్ళకు ఇంకొకామెతో ఖమ్మం వైపు వెళ్ళిపోయాడు. ఒళ్ళు చెడ్డాక తిరిగొస్తే, ఆమే వండి పెడుతోంది.

"తిట్టలేదా? మస్తు తిట్టిన" అని నవ్వింది. "చేన్ల ఒక్కదాన్నే నిలబడి గొంతు పోయేదాక తిట్టిన. పక్క చేన్ల ఆడోళ్ళు ఒస్తే చుప్ జేసిన. ఎవ్వలను అందుకోనియ్యలె. అందుకే ఆడు బతికున్నడు."

అంత బరువైన మాట చెప్పి, చల్లారిపోతోంది తాగమని నా కప్పు వైపు చూపించింది.

ఆ మంగళవారం మధ్యాహ్నానికి నేనూ సార్ ఆ ఊరు చేరుకున్నాం. ఇంటి ముందు టెంటు వేశారు. భర్త ఒక మూల గోడకు ఆనుకుని, ఎవరు పలకరించినా తల ఊపుతున్నాడు. మిరప చేను నుంచి అలాగే వచ్చేసిన ఆడవాళ్ళు చుట్టూ కూచున్నారు. నేను కాళ్ళకు మొక్కి, పక్కకు జరిగి తలెత్తితే, ఎదురుగా నెక్కొండకు వెళ్ళిన ఆ అమ్మాయి నిలబడి ఉంది.

ముందు నా కళ్ళు ఆమె చంక వైపు, చేతుల వైపు పోయాయి. పిల్లలెవరైనా ఉన్నారా అని. లేరు. నేను అటు చూడడం ఆమె చూసింది. భూమి చీలి నన్ను మింగితే బాగుండును అనిపించింది.

"నువ్వెట్ల..." అన్నాను.

"మేడారం నుంచి వస్తా మా ఇంటికొచ్చింది" అంది. "తలుపు కొట్టి, ఆ పాటల నీ మీద మాటన్నది నేనే బిడ్డా, తప్పైంది అని చేతులు పట్టుకున్నది. నీ పేరు చెప్పలేదు. ఎవలు రాసిండ్రో నాకు తెల్వదా? గప్పటి సంది నెలకోపాలి వచ్చేది. నా తోడు దవాఖానకు గూడ వచ్చింది."

మేడారం పోయొచ్చాక ఈ మూడేళ్ళలో చిన్నమ్మ నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

"ఆ పాట తీసేసిన" అన్నాను. "తప్పు నాది. ఆమెది కాదు."

"ఎరుకే" అంది. క్షమించానని అనలేదు, అనకపోవడమే న్యాయం. ఇంకేదో చెప్పబోయింది. ఈసారి నేను నోరు మూసుకుని ఆగాను. ఆమె చాలాసేపు చూసి, చెప్పకుండానే, వెళ్ళి ఆడవాళ్ళ మధ్యలో కూచుంది.

డప్పులు వచ్చేదాకా ఆడవాళ్ళు శోకం అందుకున్నారు. తోటి కూలీ ఒకామె ముందు పాడుతోంది, ఏ చేనుకు పోతివే, సద్ది మరిచిపోతివే అని. ఆమె ఆగిన చోట మిగతావాళ్ళు అందుకుంటున్నారు. ఆ గొంతుల్లో ఒకటి సన్నగా, తప్పిపోకుండా, లైను చివర కాస్త ఎక్కువసేపు నిలబడుతోంది. ఎవరిదా అని చూశాను. చెరగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ అమ్మాయి పాడుతోంది. ఏడేళ్ళు పక్కన ఉన్నాను. ఆమెకు పాట వచ్చని నాకు తెలియదు.