గోడవైపు తిరిగిన తాతయ్య

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లి పేరెత్తితే చాలు, మా తాతయ్యకి ఒళ్ళు మండేది. వీరులపాడు పక్కన మా ఊళ్ళో పదిమందికి తగువులు తీర్చే పెద్దమనిషి! అయినా సరే, బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాసేపు ఆగితేగానీ మళ్ళీ గడప దాటేవాడు కాదు.

అలాంటి ఇంట్లో, ఊరంతా తిరిగే దొంగపిల్లి ఒకటి సావిడి మూలన మూడు పిల్లల్ని పెట్టింది. అది ఎవరికీ మాలిమి కాదు, చెయ్యి చాపితే చీరేసేది. పిల్లలేమో కళ్ళైనా తెరవలేదు, ఎంత ముద్దొచ్చేవో! నాకు కాలు నిలిస్తేనా? వీధిలో పిల్లలందరికీ చాటింపు వేశాను. మా నాయనమ్మ మాత్రం చిప్పలో పాలు పోసి అక్కడ పెట్టి, వాటివైపు చూడనైనా చూడకుండా వచ్చేసేది. అంత దగ్గరికెళ్ళి చూడకుండా ఎలా ఉండగలదా అని నాకు ఒకటే ఆశ్చర్యం.

మా తాకిడి పడలేక కాబోలు, ఒకరోజు పొద్దున్నే చూస్తే మూల ఖాళీ. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, ఆ రెండో ఇల్లు ఎక్కడనుకున్నారు? వాకిట్లో పత్తి నింపి ఉంచిన మా బండి! ఆ రోజే ఊళ్ళో పత్తి బళ్ళన్నీ కలిసి నందిగామ మిల్లుకి వెళ్ళాలి. ఎద్దుల్ని కట్టేశారు కూడా. పత్తి మీద పిల్లిపిల్లలు, వాటి మీద బుసలు కొడుతూ తల్లి. పాలేరు చెయ్యి పెట్టబోయి రక్కించుకున్నాడు.

"కర్రతో నెట్టి అవతల పారేయండ్రా!" అని అరిచాడు తాతయ్య. అవతల వీధిలో కుక్కలు కాచుకునున్నాయి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నాయనమ్మ కొంగు బిగించి బండికి అడ్డం నిలబడింది. "దాని ఉసురు పోసుకుని పత్తి అమ్ముకుంటారా?" అంది. కర్ర దించమని తాతయ్య పాలేరుకి సైగ చేశాడు.

ఆమె ఓ గంపలో పాత చీర పరిచి, వాకిలికి అవతల కట్టెల కొట్టంలో చీకటి మూలన పెట్టింది. పాల చిప్పా అక్కడికే మార్చింది. పిల్లి వాసన పట్టి వెళ్ళి చూసుకుని వచ్చింది. ఇక చూడండి! ఒక పిల్లని నోట కరచుకుని, సరిగ్గా ఎద్దుల ముందునుంచే వాకిలి దాటింది. తాతయ్య అరుగెక్కి మంచినీళ్ళు తాగాడు. లేచి కండువా సర్దుకున్నాడో లేదో, రెండో పిల్లతో మళ్ళీ ఎదురు! మళ్ళీ అరుగు, మళ్ళీ మంచినీళ్ళు. ముందు బళ్ళు కదిలిపోతున్నాయి. తాతయ్యేమో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఈలోగా వీధి వీధంతా మా వాకిట్లో చేరింది. ఆ గుంపును చూసి పిల్లి కొట్టం గుమ్మంలోనే ఆగిపోయింది. మూడోది బండి మీద ఒక్కటే కీచుమంటోంది.

"అందరూ గోడవైపు తిరగండి," అంది నాయనమ్మ.

"నేను కూడానా?" అన్నాడు తాతయ్య.

"ముందు మీరే. చూస్తేనే కదండీ శకునం? చూడకపోతే ఎదురొచ్చినట్టెట్లా?"

పెద్ద మీసాల తాతయ్య, రక్కించుకున్న పాలేరు, పక్కింటి అక్క, పిల్లలం, అందరం సున్నపు గోడకి ముక్కు ఆనించి నిలబడ్డాం. అబ్బ, ఏం చెప్పను! తిరిగి చూడాలని మెడ ఒకటే లాగేస్తోంది. ఊపిరి బిగబట్టాను. వెనక మెత్తగా ఏదో దూకిన చప్పుడైంది. ఎద్దు మెడలో గంట గల్లుమంది. కీచుమనే గొంతు మా వీపుల వెనకనుంచి జరిగి జరిగి, కట్టెల కొట్టంలోకి వెళ్ళి ఆగిపోయింది. నాకు కేక పెట్టాలనిపించింది!

బండి మీద ఇక పత్తి తప్ప ఏమీ లేదు. తాతయ్య ఎక్కుతూ, "ఇంతకీ ఎదురొచ్చిందా?" అని గొంతు తగ్గించి అడిగాడు. "నాకేం తెలుసు, నేనూ గోడవైపేగా," అంది నాయనమ్మ. బండి వీధి మలుపు తిరిగేదాకా ఆయన నవ్వు వినపడుతూనే ఉంది.

మొన్నామధ్య మా మనవరాలు పరీక్ష తప్పి, అన్నం మానేసి మంచానికి అతుక్కుపోయింది. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి ఒకటే బతిమాలుతున్నారు. అందర్నీ బయటికి పంపేసి, అన్నం కలిపిన కంచం దాని పక్కన పెట్టి, నేను రెండో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏమీ అడగలేదు. చాలాసేపటికి నా వెనక కంచం చిన్నగా చప్పుడైంది. ఎంత సంతోషమేసిందో! అయినా నేను తిరిగి చూడలేదు.