ఫోటో కింద మాట

జాస్మిన్ రాసిన ప్రపోజల్ చదివితే, మా ఆఫీసు ఇంత గొప్పదా అని నాకే అనుమానం వచ్చేది. నేనక్కడ లెక్కలు చూసేదాన్ని. జీపులో డీజిలు లేని రోజులూ, ఇంటి ఓనరు మెట్లమీద కూర్చుని అద్దె అడిగిన రోజులూ నాకు తెలుసు. అదే ఆఫీసు గురించి ఆ పిల్ల ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాస్తే, ఎక్కడో చలిదేశంలో కూర్చున్నవాళ్ళు చదివి డబ్బు పంపేవాళ్ళు. అలాగని అబద్ధాలు రాసేది కాదు. ఊళ్ళోకి వెళ్ళి, మిరపకాయలు కోసే ఆడవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పింది విని, దాన్నే మొదటి పేజీలో పెట్టేది. మా డైరెక్టరు చైతన్యకృష్ణ గారికి పురుగుల పేర్లు లాటిన్‌లో తెలుసు గానీ, డబ్బు అడగడం చేతకాదు. ఆ పని జాస్మిన్‌ది.

గుంటూరు బ్రాడీపేటలో మేడమీద రెండు గదులు మా సంస్థ. పత్తికీ మిరపకీ పురుగుమందు కొట్టడం మాన్పించడం, ఆ విషం చెరువుల్లోకి దిగకుండా చూడటం, తేనెటీగలూ పిట్టలూ మళ్ళీ చేలల్లోకి వచ్చేలా చేయడం మా పని. తొంభై ఎనిమిదిలో పత్తి దెబ్బతిని ఈ జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు కూలిపోయాయో చూశాక, ఉద్యోగం వదిలేసి చైతన్యకృష్ణ గారు ఇది మొదలుపెట్టారు. మరుసటి ఏడు జాస్మిన్ చేరింది.

వాళ్ళ నాన్న జక్రయ్య నల్లపాడు దగ్గర చర్చిలో ఉపదేశి. పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంది. ఆ హాస్టల్లో ఒక్కో పిల్లకీ విదేశంలో ఒక దాత ఉండేవారు. ఏటా క్రిస్మస్‌కి ముందు పిల్లలందరూ దాతలకి ఇంగ్లీషులో ఉత్తరం రాయాలి, ఫోటో దిగాలి. మా ఆఫీసులో ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు “నిధుల కోసం రాయడం వచ్చా అమ్మా?” అని డైరెక్టరు గారు అడిగితే, “ఆరో తరగతి నుంచీ అదే రాస్తున్నానండీ” అంది. నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు, ఆ రోజే చేర్చుకున్నారు.

ఆ పిల్ల రాసిన మొదటి ప్రపోజల్‌లో మొదటి మనిషి యలమందయ్య. అమరావతి రోడ్డు దిగి లోపలికి పోతే వాళ్ళ ఊరు. తమ్ముడు కోటేష్ పత్తిచేలో మందు కొడుతూ కొడుతూ సాళ్ళ మధ్యే పడిపోయాడు. ఆటోలో వేసుకుని బయల్దేరారు గానీ గుంటూరు చేరలేదు. ఆ ఏడాది నుంచి యలమందయ్య మందు ముట్టలేదు. వేపగింజల కషాయం కాచి అదే కొట్టుకునేవాడు. పురుగు వాటిమీదికి పోయేలా చుట్టూ ఆముదం మొక్కలు పెట్టేవాడు, పురుగుల్ని తినే పిట్టలు వాలడానికి చేలో కర్రలు పాతేవాడు. ఊరంతా వీడికి మతిపోయిందన్నారు. రెండేళ్ళు గడిచాక వాళ్ళే వచ్చి కషాయం ఎలా కాయాలని అడిగారు. ఊళ్ళో సగం మంది సంఘం కట్టి ఆయన్నే పెద్దగా పెట్టుకున్నారు. బెంగుళూరు కంపెనీ ఒకటి వాళ్ళ మిరపకాయల్ని గుంటూరు మిర్చియార్డు ధర కంటే కాస్త ఎక్కువిచ్చి కొనడం మొదలుపెట్టింది. మందు కొట్టలేదన్న నమ్మకం మీద నడిచే బేరం అది. ఆ నమ్మకానికి యలమందయ్యే పూచీ.

అంతా బాగానే ఉంది. రెండువేల మూడులో మాకు డబ్బిచ్చే విదేశీ సంస్థ, ఇంకో మూడేళ్ళు పొడిగించాలంటే ‘ముందు’ ఫోటోలూ ‘తర్వాత’ ఫోటోలూ పంపమంది. అంటే మేం రాకముందు ఊరెలా ఉంది, వచ్చాక ఎలా ఉంది అని. తర్వాత ఫోటోలకేం, పచ్చటి చేలున్నాయి, పిట్టలున్నాయి. ముందు ఫోటో ఎక్కణ్ణుంచి తేవాలి? తొంభై తొమ్మిదిలో మా ఆఫీసులో కుర్చీలే సరిగ్గా లేవు, కెమెరా ఎక్కడిది?

“ఇప్పుడు తీసి పంపితే ఏమవుతుందండీ? అప్పుడు అలాగే ఉండేది కదా” అన్నాను నేనే. ఎవరూ కాదనలేదు.

స్టూడియో మీరా హుస్సేన్‌ని వెంటబెట్టుకుని జాస్మిన్ ఆ ఊరు వెళ్ళింది. ఇంకెవర్ని అడిగినా ఒప్పుకోరు, యలమందయ్య అయితే కాదనడు. “అమ్మాయ్, నువ్వు అడిగితే నిలబడనా? మన ఆఫీసు ఉండాలి గదా” అన్నాడట. కషాయం కొట్టే పంపే భుజానికి తగిలించుకున్నాడు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు తీసేశాడు. ఎక్కడో చెత్తలో పడున్న పురుగుమందు డబ్బా తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టారు. చొక్కా విప్పితే బాగుంటుందని మీరా హుస్సేన్ అంటే అదీ విప్పాడు. అప్పుడే చేను గట్టు మీదికి వచ్చిన వాళ్ళమ్మ రాఘవమ్మ, కొడుకుని ఆ వేషంలో చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆవిడ ఎందుకలా వెళ్ళిందో ఆ రోజు ఎవరికీ తోచలేదు. జాస్మిన్ నాకు ఇదంతా నవ్వుతూనే చెప్పింది.

డబ్బు వచ్చింది. పన్నెండు మందికి జీతాలు నిలబడ్డాయి.

రెండువేల నాలుగు డిసెంబరులో ఆ విదేశీ సంస్థ నుంచి కొత్త సంవత్సరం కేలండర్లు కట్టలుగా వచ్చాయి. తిరగేస్తే ఫిబ్రవరి నెల మీద మన యలమందయ్య. పేజీ నిండా ఉన్నాడు, పొలంలో పంపుతో, ఒళ్ళంతా చెమటతో. ఎంత బాగా పడ్డాడో అని మురిసిపోయి, జాస్మిన్ క్రిస్మస్‌కి ఇంటికెళ్ళి ఉండగానే జీపులో ఒక కట్ట ఊరికి పంపించాను. సెలవులయ్యాక వచ్చి ఆ పేజీ చూసి పిల్ల ముఖం మాడిపోయింది.

“అక్కా, ఊరికి పంపావా?”

“పంపా. ఏం?”

కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు చదివి వినిపించింది. ‘విషం తప్ప వేరే దారి తెలియని రైతు’ అని ఉందట. “ఆ చీమకాళ్ళ అక్షరాలు ఎవరు చదువుతార్లే” అన్నాను.

ఊళ్ళో నిజంగానే ఎవరూ చదవలేదు. మనోడు ఫారిన్ కేలండర్లో పడ్డాడని పాలకేంద్రంలో మేకు కొట్టి మరీ తగిలించారు. ఫిబ్రవరి ఒకటో తారీకున పేజీ తిప్పి, పక్కన అగరొత్తులు కూడా గుచ్చారని విన్నాను. కల్లాల్లో కాయలు ఎండుతున్న రోజులవి. బెంగుళూరు కంపెనీ మనిషి సరుకు చూడటానికి వచ్చి, కాఫీ తాగడానికి ఆ పాలకేంద్రంలోనే కూర్చున్నాడు. ఎదురుగా కేలండరు. లేచి దగ్గరికెళ్ళి కింద ఉన్న మాట చదివాడు. పైకే చదివి, తెలుగులో అర్థం చెప్పాడు.

“ఇది ఈ ఏడాది కేలండరు. మీ పెద్దే మందు కొడుతుంటే మిగతావాళ్ళని నేనెట్లా నమ్మాలండీ?” అని కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

సంఘం యలమందయ్యని నిలదీసింది. “ఏరా, మా చేత మాన్పించి నువ్వు చాటుగా కొట్టుకుంటున్నావా? నోరు తెరిచి చెప్పరా!” అని వెంకయ్య అనేవాడు మీదికి వెళ్ళాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది, ఆఫీసువాళ్ళు అడిగితే నిలబడ్డానని. యలమందయ్య చెప్పలేదు. చెబితే ఆఫీసుకి వచ్చే డబ్బు ఆగిపోతుందని ఆయన భయం. మా జీతాల కోసం ఆ మనిషి దొంగ అనిపించుకుని ఊరుకున్నాడు. ఆయన్ని పెద్దరికం నుంచి తీసేశారు. కాయలు కల్లాల్లోనే ఉండిపోయాయి. తలెత్తుకుని ఊళ్ళో తిరిగిన మనిషి పొలానికి పొద్దున్నే పోయి చీకటిపడ్డాక వస్తున్నాడని మా జీపు డ్రైవరు జయరావు వచ్చి చెప్పాడు.

ఆ మాట విని జాస్మిన్ నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. తలుపు తీసే ఉంది, నాకంతా వినబడింది.

“అది మేం పెట్టి తీసిన ఫోటో అని వాళ్ళకి రాసేస్తానండీ” అంది.

“రాస్తే డబ్బు ఆపేస్తారు జాస్మిన్. పన్నెండు కుటుంబాలు. నాలుగు రోజులు పోతే ఊళ్ళో అదే సర్దుకుంటుంది. కంపెనీ వాళ్ళతో నేను మాట్లాడతాను” అన్నారాయన. చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే. నాకూ ఆయన మాటే సబబనిపించింది. నాకూ ఇల్లుంది కదా.

జాస్మిన్ బయటికొచ్చి నా టేబుల్ ముందు కూర్చుంది. ఎన్నడూ చెప్పని సంగతి ఆ రోజు చెప్పింది. ఏడో తరగతిలో ఉండగా క్రిస్మస్‌కి వాళ్ళ నాన్న అప్పుచేసి గులాబీరంగు గౌను కొన్నాడట. దాతకి పంపే ఫోటోకి అది వేసుకుని నిలబడితే, వార్డెను లోపలికి తీసుకెళ్ళి అది విప్పించి, ఎవరిదో చిరిగిన గౌను తొడిగిందట. మంచి బట్టలుంటే డబ్బు పంపరని.

“ఆ ఫోటో నాకు డబ్బు పంపే ఆవిడ దగ్గర ఉండిపోయిందక్కా. నాకు గులాబీ గౌను ఉందని ఆవిడకి ఎప్పటికీ తెలీదు. మా నాన్న నాకు గౌను కూడా కొనలేని మనిషనుకుని ఉంటుంది.” కళ్ళ నీళ్ళు తిరిగాయి. “యలమందయ్య బాబాయికి నేను అదే చేశాను. చొక్కా విప్పించి మరీ నిలబెట్టాను.”

ఫోటో తీద్దామన్నది నేను, కట్ట పంపింది నేను. ఊరికే మంచినీళ్ళ గ్లాసు జరిపాను.

మర్నాడు పాలు పోసే వేళకి జాస్మిన్ ఆ ఊరి పాలకేంద్రం ముందు నిలబడింది. నేనూ వెళ్ళాను. ఉపదేశి కూతురు కదా, పదిమందిలో గొంతు వణక్కుండా మాట్లాడటం తెలుసనుకున్నాను. వణికింది. “ఆ డబ్బా మేం చెత్తలోంచి తెచ్చి పెట్టింది. పంపులో ఉన్నది వేపకషాయం. డబ్బు కోసం బాబాయి చేత వేషం వేయించాను. ఆయన తప్పు ఒక్కటే, నేను అడిగితే కాదనలేకపోయాడు” అంది.

వెంకయ్య మా వైపు ఒక తిట్టు తిట్టి, యలమందయ్య వైపు తిరిగాడు. “ఒరేయ్, మరి నువ్వెందుకు చెప్పలేదురా?”

“ఆ పిల్ల ఉద్యోగం పోద్దని” అన్నాడు యలమందయ్య.

అప్పుడు జనంలోంచి రాఘవమ్మ ముందుకొచ్చింది. జాస్మిన్ని కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. “ఆ రోజు గట్టు మీంచి చూస్తే, చొక్కా లేకుండా పంపుతో నా కోటేషే నిలబడ్డాడనుకున్నానే తల్లీ. చివరిరోజు వాడలాగే ఉన్నాడు. నా కొడుకు చావుని నాకు మళ్ళీ చూపించారు మీరు” అంది. జాస్మిన్ ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది. నేను పక్కకి తిరిగి ఏడ్చాను, చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

విదేశీ సంస్థకి జాస్మిన్ జరిగింది జరిగినట్టు రాసింది. వాళ్ళు కేలండర్లు వెనక్కి తెప్పించుకున్నారు, డబ్బూ ఆపేశారు. అదే ఉత్తరం చూపిస్తే బెంగుళూరు కంపెనీ కాయలు పరీక్షకి పంపించుకుని, విషం లేదని తేలాక సరుకెత్తింది. యలమందయ్య మళ్ళీ సంఘానికి పెద్ద అయ్యాడు. మా ఆఫీసులో మాత్రం నలుగురం మిగిలాం. పోయిన ఎనిమిది మందిలో జాస్మిన్ మొదటిది. ఎవరూ పొమ్మనలేదు, తనే సంచీ సర్దుకుంది. జీతం పోయినవాళ్ళలో ఇద్దరు ఈ రోజుకీ ఆ పిల్ల పేరెత్తితే మండిపడతారు. వాళ్ళని తప్పుపట్టను.

తర్వాత జాస్మిన్ తాడేపల్లిలో చిన్న గది తీసుకుని, చెరువులు బాగుచేసుకునేవాళ్ళకీ, కొండమీద చెట్లు పెంచేవాళ్ళకీ విడిగా ప్రపోజల్స్ రాసిపెట్టేది. ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరి ఫోటో పంపినా, దాని కింద ఏం రాస్తున్నదో ముందు వాళ్ళకి తెలుగులో చదివి వినిపించాలి. వాళ్ళు సరేనంటేనే పంపుతుంది. దీనివల్ల గడువులు దాటిపోయి రెండు మూడు నిధులు చేజారాయి. “నీ చాదస్తంతో అందర్నీ పస్తులుంచుతావు” అని నేనే తిట్టాను. నవ్వి ఊరుకునేది.

రెండువేల తొమ్మిదిలో మిరప కోతల రోజుల్లో యలమందయ్య నాకు ఫోన్ చేశాడు. “అమ్మా సుబ్బరావమ్మ గారూ, మా అమ్మకి ఒంట్లో బాగుండట్లేదు. జాస్మిన్ని కెమెరా తీసుకుని రమ్మంటంది” అన్నాడు. ఎందుకో అర్థం కాకపోయినా ఇద్దరం వెళ్ళాం.

రాఘవమ్మ మంచం కల్లం దగ్గరికి మోయించుకుంది. యలమందయ్య ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, పక్కన ఎర్రటి కాయల రాశితో సిద్ధంగా ఉన్నాడు. అప్పుడు తట్టింది నాకు. ముందు ఫోటో అని తీశాం గానీ, ఆ మనిషికి తర్వాత ఫోటో ఎవరూ తీయలేదు. మేం పంపిన తర్వాత ఫోటోల్లో చేలూ పిట్టలూ తప్ప యలమందయ్య లేడు.

జాస్మిన్ ఫోటో తీసింది. తీసి, ఎప్పటిలాగే కాగితం మీద పెన్ను పెట్టి, “కింద ఏం రాయమంటావు బాబాయ్?” అని అడిగింది.

యలమందయ్య వాళ్ళమ్మ వైపు చూశాడు. మంచం మీంచి రాఘవమ్మ చెప్పింది. “నా పెద్దకొడుకు అని రాయమ్మా. మందు ముట్టడు అని రాయి. ఇంగ్లీషులో కూడా రాయి, ఆ దేశపోళ్ళు చదువుకోవాల.”

జాస్మిన్ రెండు భాషల్లోనూ రాసి, పైకి చదివి వినిపించింది. రాఘవమ్మ రెండోసారి చదివించుకుని, సరే పంపమంది.