పక్కింటి పొగగొట్టం

నా చిన్నప్పుడు మా లైన్లో, అంటే తోట కూలీలం ఉండే ఇళ్ల వరసలో, ఎవరింటి పొగగొట్టం ఏ వేళకి పొగ వదులుతుందో అందరికీ తెలుసు. సరదాకి తెలుసుకున్నది కాదు, తెలుసుకోక తప్పని రోజులవి. బ్రిటిష్‌వాళ్లు ఏలుతున్న మలయాలో దాన్ని ఎమర్జెన్సీ అనేవారు. అడవిలో దాగి పోరాడుతున్న కమ్యూనిస్టులకి ఎవరూ తిండి అందించకూడదని, క్లాంగ్‌కి బాగా లోపలగా ఉన్న మా రబ్బరు తోటలో చెదురుమదురుగా ఉన్న ఇళ్లన్నీ ఖాళీ చేయించి, మమ్మల్నందరినీ ఒకచోట చేర్చి చుట్టూ ముళ్లకంచె వేశారు. గేటు దగ్గర తుపాకులతో కాపలా ఉండేది. పొద్దువాలితే గుమ్మం దాటకూడదు. బియ్యం ఇంట్లో ఉంచుకోకూడదు. అన్నం అందరికీ కలిపి ఒకే వంటశాలలో వండి, వరసలో నిలబెట్టి పెట్టేవారు. ఇంటి పొయ్యి మీద వండుకునేది కూరా చారూ మాత్రమే. కాబట్టి పొయ్యి వెలగడానికి ఒక వేళంటూ ఉండేది. వేళ తప్పి ఎక్కడ పొగ లేచినా తలలన్నీ అటు తిరిగేవి.

మాకు ఇచ్చిన ఇళ్ల వరస మొదట్లో ఆఫీసు గుమాస్తాల కోసం కట్టినది. అందుకని ప్రతి వంటింట్లోనూ ఇటుకల పొయ్యి, దాని మీద ఇటుకల పొగగూడు, అక్కణ్ణించి కప్పు దాటి పైకి పోయే రేకు గొట్టం ఉండేవి. కప్పు మాత్రం అత్తాప్ అనే తాటిజాతి ఆకుది. వరసంతటికీ ఒకటే కప్పు. ఒక మూల నిప్పంటుకుంటే రెండో మూల దాకా ఆగదు.

ఏటా సముద్రం అవతల సుమాత్ర వైపు నుంచి పెద్దగాలులు వచ్చే కాలం ఒకటుంది. ఆకాశం నల్లగా ముడుచుకుని ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ గాలికి వదులుగా ఉన్న గొట్టం ఊడి ఎగిరిపోతుంది. మసి పేరుకున్న గొట్టమైతే ఇంకా ప్రమాదం. పొగ వెనక్కి తన్ని, మసి రాజుకుని, నిప్పురవ్వలు ఆకుకప్పు మీద రాలతాయి. అంతకుముందు ఏడు పై వరసలో అలాగే ఇళ్లు కాలిపోయాయి. అందుకే గాలులకి ముందు వచ్చే సెలవురోజున అందరూ పొగగొట్టాల పని పెట్టుకునేవారు. వెదురుకర్రకి ఈనెల చీపురు కట్టి మసి దులపడం, ఇటుకల సందుల్లో బంకమట్టి మెత్తడం, గొట్టాన్ని ఇనపతీగతో వాసాలకి బిగించడం, పైన రేకుమూత పెట్టడం. ఇది ఒక్కరు చేసుకోగల పని కాదు. కప్పు మీద ఒకరు, కింద ఒకరు ఉండాలి. ఈ ఇంటివాళ్లు ఆ ఇంటికి, ఆ ఇంటివాళ్లు ఈ ఇంటికి సాయం వెళ్లేవారు.

ఆ ఏడు మా పక్కింటి అక్కకి మాత్రం ఎవరూ సాయం వెళ్లలేదు.

ఆవిడ వేరే తోట నుంచి కొత్తగా వచ్చింది, తనూ ముసలి అత్తగారూ. వచ్చిన కొన్నాళ్లకే ఆవిడ భర్తని విచారణకని తీసుకుపోయారు. ఎందుకో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. రబ్బరు పాలు తీసే పని నుంచి రాగానే, ఇంకా ఎండ నెత్తిమీద ఉండగానే, ఆవిడ పొయ్యి వెలిగించేది. గొట్టంలోంచి పొగ కొంచెమే వచ్చేది. చూరు కిందనుంచీ తలుపుల్లోంచీ తెల్లగా, దట్టంగా బయటికి తన్నుకొచ్చేది. మేమంతా కూర వండుకునేది సాయంత్రం. ఆవిడకి మిట్టమధ్యాహ్నం పొయ్యితో ఏం పని?

కూలీలని పనిలోకి పంపే కంగాణి గారి భార్యని మేం కంగాణి పెద్దమ్మ అనేవాళ్లం. కుళాయి దగ్గర ఆవిడే ముందుగా ఆ మాట బయటపెట్టింది.

"ఈ ఏళప్పుడు ఎవులికి వండతన్నాదో! బియ్యం దాసినాదో, పొగెట్టి అడివిలోవోల్లకి సైగ సేస్తన్నాదో. మొగుణ్ణి ఊరికే అట్టుకెల్లినారేటి?"

ఆ తర్వాత ఆ అక్క కుళాయి దగ్గరికి వస్తే మాటలు ఆగిపోయేవి. నేనూ ఆవిడ కనబడితే మా అమ్మ వెనక్కి చేరేదాన్ని. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఉన్నది ఒక పలకగోడ. దానికి చెవి ఆనించి వినేదాన్ని. దగ్గు వినిపించేది. ఏదో లాగుతున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు బియ్యం బస్తాదే అని నేను గట్టిగా నమ్మాను.

పొగగొట్టాల రోజు రానే వచ్చింది. మా ఇంటి పని అయ్యాక మా నానమ్మ చీపురుకర్ర కింద పెట్టకుండా, "పక్కింటిది కూడా సేసెయ్యాల," అంది.

మా నాన్న ముఖం మారిపోయింది. ఆయన మెత్తని మనిషి, భయస్తుడు. "నీకేల అమ్మా? ఆ ఇంట్లో ఏటైనా దొరికితే మనల్నీ ఎత్తుకుపోతారు. ఓడెక్కించి ఊరికి పంపేస్తారు. ఆ మనిషి మీద అందరికీ అనుమానమే."

"నాకూ అనుమానంగానే ఉన్నాది," అంది నానమ్మ. "అందుకే ఎల్తన్నాను. ఇక్కడ కూకొని అనుకుంటా ఉంటే ఏటి తెలుస్తాది? రేపు గాలొచ్చినాక ఆ గొట్టం అంటుకుంటే మన కప్పు ఊరుకుంటాదా?"

ఆవిడ తిన్నగా పక్కింటికి వెళ్లలేదు. ముందు కంగాణి పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. లైను నిచ్చెన ఉండేది వాళ్ల పెరట్లోనే. నిచ్చెనతోపాటు పెద్దమ్మని కూడా రమ్మంది. పెద్దమ్మ రెండు చేతులూ అడ్డంగా ఊపి, మలాయ్‌వాళ్లలా మాట చివర 'లా' తగిలించింది. "నాకెందుకు లా! నాను రాను."

"నువ్వు రాపోతే ఎలాగే? నానొక్కదాన్నే ఎల్తే, దొరికినది ముసిల్దే దాసేసినాదని రేపు నువ్వే అంటావు. నువ్వే బుట్టట్టుకొని పొయ్యి కాడ నిలబడు. ఏటి రాలినా నీ కళ్ల ముందే రాలతాది."

పెద్దమ్మ కాసేపు గింజుకుంది. కానీ ఆ ఇంట్లో ఏముందో చూడాలన్న కోరిక భయం కంటే పెద్దది. బుట్ట తీసుకుని వచ్చింది. నేనూ వాళ్ల వెనకే వెళ్లాను.

మమ్మల్ని చూసి పక్కింటి అక్క గుమ్మంలోనే బిగుసుకుపోయింది. ముగ్గురం ఎందుకొచ్చామో ఆవిడకి అర్థం కాలేదు. వెనక పెరట్లో అరటిచెట్టు నీడన చాప మీద వాళ్ల అత్తగారు పడుకుని దగ్గుతోంది. నేను గోడకి చెవి ఆనించి విన్న చప్పుడు ఆ చాపని గుమ్మం దాకా లాగుతున్నదని అప్పుడు అర్థమైంది. లోపల గోడలు నల్లగా కమిలి ఉన్నాయి. నిలబడితే కళ్లు మండాయి.

"పొయ్యి ఎలిగిస్తే పొగంతా ఇంట్లోకే తిరగబడతన్నాది మామ్మా," అంది అక్క. "ఆ పొగకి మా అత్తకి ఊపిరాడదు. సాయంత్రమైతే బయిట పడుకోబెట్టనివ్వరు గదా. అందుకే ఎండుండగానే వండేసి ఆర్పేస్తన్నాను. నిచ్చెనకి రెండుసార్లు అడిగినాను. ఎవులూ ఇవ్వనేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ పెద్దమ్మ వైపు చూడలేదు. పెద్దమ్మ బుట్టని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

అక్క కప్పు మీదకి ఎక్కి పైనుంచి కర్ర దింపింది. కొంత దూరం దిగి ఎక్కడో ఆగిపోయింది. నానమ్మ చెయ్యి పొగగూడులోంచి అందలేదు. నన్ను పొయ్యి గట్టు మీద నిలబెట్టి పైకి చెయ్యి పెట్టమంది. ఇటుకగూడు రేకు గొట్టంతో కలిసే చోట నా వేళ్లకి ఏదో తగిలింది. గోనె. మెత్తగా, బరువుగా ఉంది.

"మూట," అన్నాను.

"సెప్పినానా!" అంది పెద్దమ్మ. ఆ గొంతులో ఉన్నది నెగ్గిన సంతోషమో, భయమో నాకు తెలియలేదు.

నానమ్మ ముఖంలోనూ రంగు పోయింది. అయినా, "లాగు," అంది. లాగాను. ఏళ్ల మసితో సహా ఆ మూట ఊడి కింద పెద్దమ్మ బుట్టలోనూ, నెత్తి మీదా పడింది. వంటిల్లంతా నల్లటి దుమ్ము. ఆ దుమ్ములోంచే గుమ్మంలో బూట్ల చప్పుడు వినిపించింది.

గేటు దగ్గర కాపలా కాసే స్పెషల్ కానిస్టేబుల్. మలాయ్ యువకుడు. ఏ ఇంటి దగ్గరా ఆగకుండా తిన్నగా ఈ ఇంటికే వచ్చాడంటే ఎవరో చెప్పి ఉండాలి.

"అపా ఇని?" అన్నాడు, ఇదేమిటని. అక్క అప్పటికే కప్పు దిగి వచ్చింది. మూటని చూసి ఆవిడే అందరికంటే ఎక్కువగా నివ్వెరపోయింది. అతను కత్తితో గోనె చీరాడు. బియ్యం లేవు. కొబ్బరిపీచు, చింకిగుడ్డలు. కానీ అతని ముఖం తేలికపడలేదు. గొట్టంలో మూట దాచడమంటే దాచే అలవాటున్న ఇల్లని అర్థం. ఈసారి గట్టిగా అడిగాడు. "సియాపా పున్యా?" ఇది ఎవరిది?

అక్క గోడకి ఆనుకుంది. ఆమె తనది కాదంటే నమ్మేవాళ్లు లేరు. భర్త వెళ్లిన దారి మా అందరి కళ్లలోనూ మెదిలింది. నానమ్మ ఏదో అనబోయింది.

అంతలో కంగాణి పెద్దమ్మ వంగి ఒక గుడ్డముక్క తీసింది. బొటనవేలితో మసి తుడిచింది. పసుపు నేత మీద ఎర్ర అంచు బయటపడింది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. ఈ అక్క రాకముందు ఆ ఇంట్లో ఉన్నది పెద్దమ్మ సొంత చెల్లెలు. వాళ్లు తోట వదిలి పోర్ట్ క్లాంగ్ వెళ్లిపోతూ, గాలివాన నీళ్లు పొయ్యిలోకి దిగకుండా ఈ మూటని గొట్టానికి అడ్డం పెట్టి, ఎవరికీ చెప్పకుండా పోయారు. ఆ కోక ఒకప్పుడు పెద్దమ్మ కట్టుకుని చెల్లెలికి ఇచ్చినది.

ఆవిడ నోరు మూసుకుని ఉంటే ఆ సంగతి మాకెవరికీ తెలిసేది కాదు. ఆ రోజుల్లో తుపాకీ పట్టుకున్నవాడి ముందు దాచిన మూట నాదనడం చిన్న విషయం కాదు.

"సాయా పున్యా," అంది. నాది.

మసిపట్టిన ముఖం మీద కన్నీళ్లు చారలు కట్టాయి. సగం మలాయ్, సగం తెలుగు కలిపి చెల్లెలి సంగతీ, కోక సంగతీ, గొట్టం సంగతీ చెప్పింది. చెయ్యి పట్టుకుని అతన్ని పెరట్లోకి తీసుకెళ్లి దగ్గుతున్న ముసలమ్మని చూపించింది. అతను విన్నాడు. వంగి పొగగూడులోకి తొంగిచూశాడు. పడమట ఆకాశం వైపు చూసి, గాలి రాకముందే పని ముగించమని చెప్పి వెళ్లిపోయాడు.

నిచ్చెన పెద్దమ్మే పట్టుకుంది. అక్క పైనుంచి తీగ బిగించింది, నానమ్మ మట్టి మెత్తింది. అంతా అయ్యాక పొయ్యి వెలిగిస్తే పొగ నిట్టనిలువుగా పైకి పోయింది. అత్తగారిని లోపలికి తెచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. పెద్దమ్మ క్షమించమని అడగలేదు. తాగడానికి నీళ్లు ఇమ్మని అక్కని అడిగింది. అక్క ఇచ్చింది. గ్లాసు మీద పెద్దమ్మ వేళ్ల మసి అచ్చులు పడ్డాయి.

ఆ వారంలోనే గాలి వచ్చింది. మా వరసలో ఒక్క గొట్టం కదలలేదు. కొన్నాళ్లకి అక్క భర్త తిరిగొచ్చాడు, చిక్కి సగమై. ఏం జరిగిందో చెప్పలేదు. మెర్డెకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, వచ్చేనాటికి వాళ్లు రేవు పని వెతుక్కుంటూ వెళ్లిపోయారు. మళ్లీ కనబడలేదు.

కానిస్టేబుల్‌కి చెప్పింది ఎవరని నేను నానమ్మని అడిగాను. "తెల్సుకొని ఏటి సేస్తావు? ఆల్ల ఇంట్లో గొట్టం దులుపుతావా?" అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. పక్కింటి అనుమానం తీరేదాకా ఊరుకోని మనిషి ఈ అనుమానాన్ని ఎందుకు వదిలేసిందని. పెద్దయ్యాక తెలిసింది. అక్కడ తెలుసుకుంటే ఒక మనిషికి ఊపిరాడింది. ఇది తెలుసుకుంటే ఎవరికీ ఊపిరాడదు.

ఆ పొద్దున, నానమ్మ నిచ్చెన కోసం వెళ్లగానే, మా నాన్న బీడీలకని బయటికి వెళ్లాడు. బీడీలు అమ్మే కొట్టు లైను ఈ చివర, గేటుకి ఎదురు దిక్కున ఉండేది. ఆయన నడిచింది గేటు వైపు. నేను గుమ్మంలోంచి చూశాను. అది ఊరికే నడకే కావచ్చు. ఏదైనా దొరికితే తల్లి చిక్కుకుంటుందన్న భయంతో ముందే వెళ్లి చెప్పి ఉండవచ్చు. నానమ్మకీ ఆ అనుమానం ఉండేదనే నా అనుమానం. అయినా ఆ సాయంత్రం కూడా ఎప్పటిలాగే ముందు ఆయన పళ్లెంలోనే కూర వేసింది.

మా నాన్న చివరి రోజుల్లో క్లాంగ్‌లో నా దగ్గరే ఉన్నాడు. అడగడానికి ఎన్నో మధ్యాహ్నాలు దొరికాయి. నేను ఆయన దుప్పటి సర్దేదాన్ని, మందు వేసేదాన్ని. అడగలేదు.